అశ్వహృదయం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక సాయంత్రం హరికథ. నాకు తొమ్మిదేళ్లు. పెదనాన్న పక్కన కూర్చుని వింటున్నాను. నలచరిత్ర. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు కర్కోటకుడి కాటుకు రూపు చెడి, బాహుకుడన్న పేరుతో అయోధ్యలో ఋతుపర్ణ మహారాజు దగ్గర సారథిగా చేరాడు. దమయంతికి మళ్లీ స్వయంవరమని కబురొచ్చింది. ఒక్క పగటిలో విదర్భ చేరాలి. రథం పరుగుకి రాజుగారి ఉత్తరీయం జారిపోయింది. ఆపమంటే, అది పడిన చోటు అప్పుడే యోజనం వెనకబడింది మహారాజా అన్నాడు బాహుకుడు. ఇంకొంత దూరం పోయాక దారిపక్కన తాండ్రచెట్టు. ఋతుపర్ణుడు ఒక్క చూపులో దాని ఆకులూ కాయలూ లెక్కగట్టి చెప్పాడు. బాహుకుడు రథం దిగి లెక్కబెట్టి చూశాడు. సరిపోయింది. అక్కడ కుదిరింది విద్యకు విద్య మారకం. రాజు అక్షహృదయం ఇస్తాడు, అంటే పాచికల గుండెలో ఏముందో చెప్పే విద్య. సారథి అశ్వహృదయం ఇస్తాడు. పాచికల గుట్టు చెవిన పడగానే నలుణ్ని పట్టిన కలి ఒంట్లోంచి బయటికొచ్చి ఆ చెట్టులో దూరాడు.

హరిదాసు గారు చిడతలు ఆపి మంచినీళ్లు తాగుతున్నారు. పెదనాన్న కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. ఎందుకని అడిగాను.

"నలుడికి ఋతుపర్ణుడు దొరికాడురా" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పెదనాన్న 1957లో గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చాడు. వెంకటేశ్వరస్వామి గుడి వెనక సందులో రెండు గదుల పోర్షన్. మా తాత కరణం. ఊళ్లూ పొలాలూ గుర్రం మీద తిరిగేవాడట. ఆ గుర్రానికి ఉలవలు నానబెట్టడం, సాయంత్రం మాలీసు చేయడం, చెరువుకు తోలుకెళ్లడం చిన్నప్పుడు పెదనాన్న పని. గుర్రం ముసలిదై కన్ను పోయాక కూడా దాని ముందు దాణా తొట్టి ఖాళీగా ఉంటే తాత అన్నానికి కూర్చునేవాడు కాదట. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు అని సామెత. చాలామంది దాన్ని విసుక్కుంటూ వాడతారు. మా ఇంట్లో అది ఒక నియమం.

అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి ఈ నగరంలో గుర్రం కనబడే చోటు ఏది? జట్కాలు ఉన్నాయి, కానీ వాటి పక్కటెముకలు చూస్తే కడుపు తరుక్కుపోయేదనేవాడు. ఎవరో మలక్‌పేటకు తీసుకెళ్లారు. మొదటిసారి వెళ్లిన రోజు పందెం కాయనే లేదట. సాయంత్రం దాకా కంచె పట్టుకుని నిలబడి చూసి వచ్చాడట.

ఏటా డెక్కన్ డర్బీ ఆయనకు పండగ. ఒక్క ఏడు నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ, అక్కడ తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ, కాఫీ. ఆ తర్వాత కాచిగూడ మీదుగా నడక. చాదర్‌ఘాట్ వంతెన మీద మూసీ వాసన. దారంతా ఆయన చంకలో రేసు పుస్తకం. ఏ గుర్రం, ఎవరి పిల్ల, తల్లి పేరేమిటి, జాకీ ఎవరు, ఏ గేటు, ఎంత బరువు మోస్తోంది అన్నీ అందులో ఉంటాయి. మామూలు రేసుల్లో మంచి గుర్రానికి ఎక్కువ బరువు కడతారు, మందకొడి గుర్రానికి తక్కువ. అన్నీ ఒక్కచోటికి రావాలని చేసే ఏర్పాటు అది. డర్బీలో అలా ఉండదు. మగ గుర్రాలన్నీ ఒకే బరువు మోస్తాయి, ఆడ గుర్రాలకు కొంచెం తగ్గిస్తారు. అందుకే డర్బీ నాడే గుర్రం నిజం బయటపడుతుందిరా అనేవాడు.

టోట్ కిటికీల దగ్గర తోపులాట, బుకీల దగ్గర అరుపులు. ఆయన అటు చూడలేదు. నన్ను పాడక్ దగ్గరికి తీసుకెళ్లాడు. రేసుకు ముందు సాయిసులు గుర్రాల్ని గుండ్రంగా నడిపించే చోటు అది.

"ముందు చెవులు చూడు. రెండూ ముందుకు పెట్టి నడుస్తుందంటే దానికి లోకం మీద ఆసక్తి ఉంది. తొడల మధ్య నురగ కనబడుతోందా? అది పరుగు మొదలుపెట్టకముందే సగం అలసిపోయింది, భయంతో. నడకలో వెనక కాలు ముందు కాలి గుర్తును దాటి పడుతోందో లేదో చూడు. ఒంటి మెరుపు మోసం చెయ్యొచ్చు, నడక చెయ్యదు."

నాకు అన్నీ ఒకేలా కనబడ్డాయి. కానీ ఒక గోధుమరంగు ఆడగుర్రం మా ముందుకు వచ్చి ఆగి, మెడ వంచి, పెదనాన్న చేతిలోని పుస్తకాన్ని వాసన చూసింది. సాయిసు నవ్వి ముందుకు లాగాడు. ఆయన ముఖంలో ఆ క్షణాన కనిపించిన వెలుగు తర్వాత నేను మరెవరి ముఖంలోనూ చూడలేదు.

డెక్కన్ డర్బీ 2,000 మీటర్ల రేసు. అంతా కలిపి రెండు నిమిషాల పైన కొన్ని సెకన్లు. అవతలి వైపు గేట్లు తెరుచుకోవడం కంటికి కనబడుతుంది, చప్పుడు వినబడదు. మలుపు తిరిగి చివరి వరుసలోకి వచ్చేటప్పుడు డెక్కల మోత ముందు చెవులకు రాదు, నేలలోంచి అరికాళ్లకు వస్తుంది. అప్పుడు జనం లేస్తారు. ఎవరి నంబరు వాళ్లు అరుస్తారు. గుర్రాల పేర్లు అరిచేవాళ్లు తక్కువ. పెదనాన్న మాత్రం అరవకుండా, పెదాలు కదుపుతూ, తాను చిన్నప్పుడు చెరువు గట్టు మీద వాడిన "హొయ్ హొయ్" లాంటి చిన్న శబ్దం చేస్తున్నాడు.

ఏది గెలిచిందో నాకు గుర్తు లేదు. జనమంతా గెలిచిన గుర్రం వైపు పరిగెత్తారు. ఆయన నా చెయ్యి పట్టుకుని మరోవైపు నడిచాడు. ఆఖరున వచ్చిన గుర్రం జీను విప్పుతున్నారు. దాని పక్కటెముకలు కొలిమితిత్తిలా కొట్టుకుంటున్నాయి. దాన్ని చూసి, పుస్తకం అంచున ఏదో రాసుకుని, అప్పుడు ఇంటికి బయల్దేరాడు.

*

ఆ గుర్రాల పుట్టుపూర్వోత్తరాలు ఆయన నోటనే మొదట విన్నాను. థరోబ్రెడ్ అని ప్రపంచమంతా పిలిచే ఈ జాతి ఇంగ్లండ్‌లో తయారైంది. కానీ తండ్రి వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ వెనక్కిపోతే ప్రతి గుర్రమూ మూడింటిలో ఒకదాని దగ్గర ఆగుతుంది: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. మూడూ తూర్పు దేశాల నుంచి వెళ్లినవే. డర్బీ అన్న మాట కూడా ఎప్సమ్‌లో 1780లో మొదలైన పందెం నుంచి వచ్చింది. ఆ పందేనికి ఎవరి పేరు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు లార్డ్ డర్బీ, సర్ చార్లెస్ బన్‌బరీ నాణెం ఎగరేశారని, డర్బీ గెలిచాడని చెబుతారు. తొలి పందెంలో గెలిచిన గుర్రం డయోమెడ్ మాత్రం బన్‌బరీది. మన దేశంలో ఇండియన్ డర్బీ 1943లో బొంబాయిలో మొదలైంది. బరోడా మహారాజు గారి ఆడగుర్రం ప్రిన్సెస్ బ్యూటిఫుల్ ఆ తొలి డర్బీ గెలిచింది.

మనవాళ్లకు గుర్రం కొత్తదేం కాదు. అరబ్బు, పారశీక దేశాల గుర్రాల కోసం విజయనగర రాజులు పడిన ఆరాటం చరిత్రలో ఉంది. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో పద్యకావ్యమే రాశాడు. సుడులు, రంగులు, నడకలు, రోగాలు అన్నీ పద్యాల్లో చెప్పుకున్న జాతి మనది. నిజాం రాజ్యంలో నాందేడ్ దగ్గరి మాలేగావ్ ఖండోబా జాతరలో గుర్రాల సంత జరిగేది.

హైదరాబాద్‌లో గుర్రప్పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. మరుసటి ఏడు, రెండున్నరేళ్ల పసివాడు గద్దెనెక్కాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. వేట, గుర్రం, తుపాకీ ఆయన బాల్యం. 1884లో లార్డ్ రిపన్ వచ్చి పాలనాధికారం అప్పగించాడు. రెండేళ్లకు, ఇరవయ్యేళ్ల వయసులో, ఆయన పందేలను మౌలాలి నుంచి తన మహలుకు దగ్గరగా మలక్‌పేటకు మార్పించాడు. రాజుగారి ఇష్టం వల్ల ఒక మైదానం పుట్టింది. ఆ రోజుల్లో దక్కన్‌లో గుర్రం ఒక్క పందేనికే పరిమితం కాదు. గోల్కొండ లాన్సర్లను పోలోకి పేరుమోసేలా తీర్చిన అఫ్సరుల్ ముల్క్ లాంటి సేనానులు ఉన్నారు. నిజాం ఆఫ్రికన్ అశ్వదళం ఉండేది. మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అంటే అదే, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఇవాళ అక్కడ ఆటో దిగేవాళ్లలో ఎంతమందికి ఆ పేరులో గుర్రం ఉందని తెలుసు? మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ వాళ్లది. తక్కిన రెండూ జోధ్‌పూర్, మైసూరు దళాలవి.

మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న కన్నుమూశాడు. మలక్‌పేటలోని ఆయన మహల్ మహబూబ్ మాన్షన్ క్రమంగా దిక్కులేనిదైంది. గోడలు పగిలాయి, పైకప్పులు కూలాయి. ఆ ఆవరణలో వ్యవసాయ మార్కెట్ వెలిసింది. ఇవాళ మలక్‌పేట గంజ్‌కు ఉల్లిగడ్డల లారీ తోలుకొచ్చే డ్రైవరుకు మహబూబ్ మాన్షన్ అంటే యార్డు పేరు. రాజు పోయాడు, మహల్ పోయింది, 1948 తర్వాత అశ్వదళాలు రద్దయ్యాయి. గుర్రం ఒక్క పందెంలోనే మిగిలింది. 1961లో హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది. డెక్కన్ డర్బీ, గోల్కొండ డర్బీ, నిజాం గోల్డ్ కప్. పేర్లలో మాత్రం పాత దక్కన్ బతికింది.

పెదనాన్న ఆ మిగిలిన గుర్రం కోసమే వెళ్లాడు. నేను దీన్ని నమ్ముతాను. పెద్దమ్మ నమ్మలేదు. ఆవిడకు నమ్మకపోవడానికి కారణాలున్నాయి.

*

మొదట్లో నెలకు ఒకసారి. పది రూపాయల టికెట్టు, దాంతో తృప్తి. తర్వాత ప్రతి రేసు రోజూ. హైదరాబాద్‌లో పందేలు లేని నెలల్లో బెంగళూరు, మద్రాసు, బొంబాయి రేసుల మీద. కంటితో చూడని గుర్రం మీద పందెం కాయడం మొదలుపెట్టిన రోజునే ఆయన పతనం మొదలైంది. చెవులు చూడలేదు, నడక చూడలేదు, పేరు చదివి డబ్బు కట్టాడు.

ఆయనకు గుర్రం తెలుసు. అది అబద్ధం కాదు. పాడక్‌లో ఆయన వేలు పెట్టి చూపించిన గుర్రం చాలాసార్లు మొదటి మూడింటిలో ఉండేది. కానీ పందెం లెక్క వేరు. టోట్‌లో పడిన డబ్బంతా ఒక కుప్ప. అందులోంచి ముందు క్లబ్బు వాటా, ప్రభుత్వం పన్ను తీసేస్తారు. మిగిలింది గెలిచినవాళ్లు పంచుకోవాలి. ఆయనకు కనబడిన మంచి గుర్రం మరో వేయిమందికీ కనబడుతుంది. అందరూ కట్టిన గుర్రం గెలిస్తే వచ్చేది చిల్లర. గెలవకపోతే పోయేది మాత్రం నోట్లు. అందుకని జాక్‌పాట్, టనాలా. ఒకటి గెలిచే గుర్రాల్ని వరుసగా చెప్పాలి, ఒకటి మొదటి మూడింటినీ వచ్చిన వరుసలో చెప్పాలి. అక్కడ గుర్రం విద్య అక్కరకు రాదు. అది తాండ్రచెట్టు ఆకుల లెక్క. ఆ లెక్క చెప్పే ఋతుపర్ణుడు ఆయనకు దొరకలేదు.

పెద్దమ్మ చంద్రహారం మార్వాడీ కొట్లో కుదువకు పోయింది. విడిపించారు. మళ్లీ పోయింది. రెండోసారి తిరిగిరాలేదు. పాడుకున్న చిట్టీ డబ్బు ఇంటికి రాకుండానే మలక్‌పేటకు పోయింది. ఇంజనీరింగ్ సీటు వచ్చిన మా అన్నయ్య, ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజు గడిచాక, పాలిటెక్నిక్‌లో చేరాడు. నారాయణగూడ చౌరస్తాలో ఆయన్ని చూసి రోడ్డు అటువైపుకు దాటిపోయే స్నేహితులు తయారయ్యారు. కిరాణా కొట్లో ఖాతా ఆపేశారు. ఆ రోజుల్లో పెద్దమ్మ పప్పు డబ్బా అడుగున ఒక సంచి దాచుకునేది. అందులో అశోక్‌నగర్ స్థలం కాగితాలు. రెండు వందల గజాలు. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు రూపాయి రూపాయి కూడబెట్టి కొన్నది. గ్రంథాలయం నుంచి వచ్చేటప్పుడల్లా ఆవిడ ఆ ఖాళీ జాగా ముందు ఒక నిమిషం ఆగి, వంటిల్లు ఎటువైపు రావాలో నాకు చెప్పేది. తూర్పున కిటికీ. పెరట్లో కరివేపాకు.

ఆ స్థలం అమ్మకానికి బయానా తీసుకున్న సంగతి మాకెవరికీ తెలియదు.

ఆ రోజు ఆయన చీకటిపడ్డాక వచ్చాడు. కాళ్లు కడుక్కోలేదు. గడప మీద కూర్చుండిపోయాడు. చాలాసేపటికి చెప్పాడు. తాను పుట్టినప్పటి నుంచి ఎదురుచూసినట్టుండే ఒక గుర్రం దొరికింది. పాడక్‌లో దాన్ని చూసి కాళ్లు వణికాయి. బయానా డబ్బంతా దాని మీద కట్టాడు. అది చివరి మలుపు దాకా ముందుంది. రెండు వందల మీటర్లు ఉందనగా తూలింది. ముందుకాలు విరిగింది. మూడు కాళ్ల మీద నిలబడి, ఏం జరిగిందో తెలియక, ముందుకు పోతున్న మిగతా గుర్రాల వైపు చూసింది. వెంటనే దాని చుట్టూ తెర పట్టారు.

తెర ఎందుకు పడతారో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. నాలుగైదు వందల కిలోల ఒళ్లు, దాన్ని మోసేది మన మణికట్టంత సన్నని ఎముకలు. విరిగిన కాలు అతికే దాకా గుర్రం మంచం మీద పడుకోలేదు. ఎక్కువ సేపు పడుకుంటే దాని ఊపిరితిత్తులు, పేగులు దెబ్బతింటాయి. నిలబడితే భారమంతా మిగతా మూడు కాళ్ల మీద పడి డెక్కల లోపలి పొరలు వాచి ఊడతాయి. అందుకే చాలాసార్లు వైద్యుడి దగ్గర మిగిలేది ఒక్క సూదిమందే.

"పడుకోబెట్టేశారే దాన్ని" అన్నాడు పెదనాన్న. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పెద్దమ్మ లోపలికి వెళ్లి పప్పు డబ్బా వంచి చూసింది. డబ్బా పక్కన పెట్టింది. కంచంలో అన్నం వడ్డించి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఏమీ అడగలేదు. ఆ తర్వాత ఆవిడ గ్రంథాలయానికి వెళ్లాలంటే చుట్టూ తిరిగి వేరే వీధిలోంచి వెళ్లేది.

1996 జనవరి 12న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తమిళనాడు ప్రభుత్వం గుర్రప్పందేలను రద్దు చేయడం మీద ఇరవై ఏళ్లకు పైగా నడిచిన వ్యాజ్యం అది. గుర్రప్పందెం అదృష్టం ఆట కాదు, నైపుణ్యం ప్రధానమైన ఆట అని కోర్టు తేల్చింది. పెంపకం, శిక్షణ, జాకీ సామర్థ్యం, గుర్రం సత్తా అన్నీ లెక్కలోకి వస్తాయంది. పెదనాన్న ఆ వార్త కత్తిరించి తెచ్చాడు. అప్పటికి రిటైరయ్యాడు, పెన్షన్‌లో కొంత భాగం ముందే అమ్ముకున్నాడు. అయినా ఆ కాగితం చూపిస్తుంటే గొంతులో పాత ఠీవి. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివింది.

"ఇందులో చెప్పిన నైపుణ్యం గుర్రానిదీ, దాన్ని తోలేవాడిదీనా, లేక మీదా?" అని అడిగింది.

ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ మలక్‌పేట వైపు వెళ్లలేదు. మిగిలిన ఏళ్లు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పత్రికల బల్ల దగ్గర గడిచాయి. రేసుల పేజీ తెరిచి గుర్రాల పేర్లు చదువుకుని, మడిచి పెట్టి, పార్కులో కూర్చుని ఇంటికొచ్చేవాడు. చివరి రోజుల్లో జ్ఞాపకం తడబడి, పెద్దమ్మను ఉలవలు నానబెట్టావా అని అడిగేవాడు. ఆవిడ నానబెట్టానండీ అనేది.

*

ఆయన పోయాక పోయింది ఆయన ఒక్కడే కాదని మెల్లగా తెలిసింది. ఆయన పట్టుకుని నిలబడ్డ కంచె అవతల లోకం కూడా పోతూ వచ్చింది.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. రేసు పందేల మీద 28 శాతం. గెలిచిన దాని మీద కాదు, కట్టిన మొత్తం మీద. టోట్ విషయంలో ఇది చెల్లదని కర్ణాటక హైకోర్టు 2021లో చెప్పింది. 2023లో జీఎస్టీ మండలి మళ్లీ పూర్తి పందెం విలువ మీదే పన్నని తేల్చింది, అక్టోబర్ 1 నుంచి అమలైంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. డెక్కన్ డర్బీ జరిగే అక్టోబర్ 2 దానికి పది రోజుల దూరం. జూదం మీద పన్ను వేస్తే కన్నీళ్లు పెట్టుకోవడమేమిటని పెద్దమ్మ లాంటివాళ్లు అడుగుతారు. వాళ్లకు ఆ హక్కు ఉంది. కానీ పన్నుకు భయపడి పందెం మానినవాళ్లు తక్కువ. పన్ను కట్టని దొంగ బుకీ దగ్గరికి, ఫోన్‌లోకి పోయినవాళ్లు ఎక్కువ. క్లబ్బులకు వచ్చే డబ్బు తగ్గితే గెలిచిన గుర్రానికిచ్చే బహుమతి తగ్గుతుంది. బహుమతి తగ్గితే యజమాని కొత్త పిల్లను కొనడు. దాణా ఖర్చు మాత్రం ఎప్పటికీ తగ్గదు. అప్పుడు ముందుగా వదిలించుకునేది పరుగు తగ్గిన గుర్రాన్నే. 2020 మార్చిలో కరోనా వచ్చి పందేలు ఆగినప్పుడూ గుర్రాల కడుపులు ఆగలేదు.

ఒక థరోబ్రెడ్ పరిగెత్తేది ఆరేడేళ్ల వయసు దాకా. బతికేది పాతికేళ్లు. మధ్యలో ఉన్న ఆ పద్దెనిమిదేళ్ల గురించి రేసు పుస్తకంలో ఒక్క గడి కూడా లేదు. పేరు మోసినవి పిల్లల కోసం ఫారాలకు పోతాయి. కొన్ని స్వారీ బడులకు, కొన్ని పెళ్లి బారాత్‌లకు. మిగిలినవి కళ్లెం చేతులు మారుతూ కనబడకుండా పోతాయి.

2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో, ఎండలు మండే రోజుల్లో, 57 గుర్రాల్ని హైదరాబాద్ నుంచి లారీల్లో ఎక్కించి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గర రాయిపురా గ్రామానికి తీసుకెళ్లారు. ఒక ప్రైవేటు లీగు కోసం పరిగెత్తిన గుర్రాలు అవి. విదేశాల్లో కూర్చున్నవాళ్లు ఆన్‌లైన్‌లో కాసే పందేల కోసం వాటిని తోలేవారని ఆరోపణలు వచ్చాయి. చేరిన కొద్ది రోజుల్లోనే ఎనిమిది చనిపోయాయి. తర్వాత ఆ లెక్క ఇంకా పెరిగింది. గ్లాండర్స్ రోగమేమోనని రక్త నమూనాలు హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపారు. విషయం హైకోర్టు దాకా పోయింది. పేపర్లో ఫొటో వేశారు. రేకుల షెడ్డు కింద పడి ఉన్న ఒక గుర్రం, మెడ చాచి. దాని కాళ్లకు లాడాలు ఇంకా ఉన్నాయి.

ఆ ఫొటో నేను అశోక్‌నగర్‌లోనే చూశాను, టీ బడ్డీ దగ్గర. ఇప్పుడు ఆ వీధులన్నీ గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. పెద్దమ్మ వంటిల్లు ఊహించుకున్న చోట నాలుగంతస్తుల భవనం, గదికి నలుగురు పిల్లలు. పక్కన నిలబడ్డ కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో, ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి వేలు పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. అంకెలు మారుతున్నాయి. గుర్రం లేదు, బంతి లేదు, పాచిక కూడా లేదు. ఆ ముఖం నాకు తెలుసు. గడప మీద కూర్చున్న పెదనాన్న ముఖం అది, కాకపోతే ఆయన కన్నీళ్లకు ఒక ప్రాణి కారణం. ఆ ఏడే బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టారు. ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పటికే ఎన్ని పప్పు డబ్బాలు ఖాళీ అయ్యాయో.

ఈ కుర్రాడి చేతిలోని పందెం ఆ పాత పందేనికి మనవడే. మలక్‌పేటలో నేర్చిందే ఇక్కడ ఆడుతోంది. మధ్యలో గుర్రం రాలిపోయింది, అంతే. నలుడు తన విద్య ఇచ్చి మరో విద్య పుచ్చుకున్నాడు. మన నగరం గుర్రం విద్య వదిలేసి, దాని బదులు ఏమీ పుచ్చుకోలేదు.

ఇంటికి వచ్చి అటక మీది ఇనప్పెట్టె దించాను. పెద్దమ్మ పోయేముందు దాన్ని నాకిచ్చింది. పారేయొద్దు, అమ్మొద్దు అని మాత్రం చెప్పింది. నిండా రేసు పుస్తకాలు. పురుగు కొట్టిన అంచులు, పసుపెక్కిన కాగితం. పోగొట్టుకున్న డబ్బు లెక్కలుంటాయనుకుని భయపడుతూ తెరిచాను. ఒక్క అంకె లేదు. ప్రతి పేజీ అంచునా గుర్రాల గురించి చిన్న చిన్న మాటలు, పెన్సిలుతో, కరణం గారి కొడుకు గుండ్రటి చేతిరాత. ఇది నీళ్లకు భయపడుతుంది. దీని సాయిసు మంచివాడు. దీనికి ఎడమ కన్ను మందం. ఇది తల్లిని తలుచుకుంటోంది.

నన్ను తీసుకెళ్లిన ఏటి డర్బీ పుస్తకం కూడా ఉంది. గెలిచిన గుర్రం పేరు మీద ఏ గుర్తూ లేదు. ఆఖరి గుర్రం పేరు కింద రెండు వరుసలు:

"బాగా అలిసింది. పిల్లాడు పక్కన ఉండబట్టి అడగలేకపోయాను. నీళ్లు పట్టారో లేదో."